లాగని మీటలు

తన భర్త ఓరిన్ చనిపోయిన రోజు నుంచి డ్వేన్ హాగెన్ ఒక్క మీట కూడా లాగలేదని బిస్కెట్ల డబ్బా మూత తీసిన క్షణంలో ఆర్లిస్‌కి తెలిసిపోయింది.

మూత సులభంగా రాలేదు. చెంచా కాడతో అంచు కింద పొడిచి ఎత్తితే ఫట్‌మని లేచింది. లోపల గళ్ల కాగితం ముక్కలు కుక్కి ఉన్నాయి. కొన్ని ఎగిరి వంటింటి నేల మీద పడ్డాయి.

ప్రతి ముక్క మీదా ఆమె గీసిన ఒక గది ఉంటుంది. ఆదివారం ఆట కోసం నేలమాళిగలు గీసేది ఆర్లిసే. ఏ గదిలో ఏ రాక్షసుడు, ఏ మూల ఏ ఉచ్చు, ఏ తలుపు వెనక ఏ నిధి అన్నీ ఆమే రాస్తుంది. ఆటగాళ్లు బల్ల చుట్టూ కూర్చుని తమ పాత్రలు ఏం చేస్తాయో చెబుతారు. అట్ట తెర వెనక నుంచి ఆమె ఫలితం చెబుతుంది. ఎవరూ ముట్టుకోని ఉచ్చుని పారెయ్యదు. కత్తిరించి డబ్బాలో వేస్తుంది. ఇంకో ఆదివారం ఇంకో గుహలో పనికొస్తుంది.

ఏళ్ల తరబడి ఆ డబ్బా అడుగు కనబడుతూనే ఉండేది. దానికి కారణం డ్వేన్. అతని పాత్ర ఒక మొరటు యోధుడు. "గోడకి ఒక ఇనుప మీట..." అని ఆర్లిస్ వాక్యం పూర్తి చెయ్యకముందే "లాగేశా!" అని అరిచేవాడు. పైకప్పు కూలేది, బాణాలు దూసుకొచ్చేవి, నేల విచ్చుకునేది. అందరూ తిట్టేవాళ్లు. వచ్చేవారం మళ్లీ లాగేవాడు.

ఆర్లిస్ మోకాళ్ల మీద కూర్చుని ముక్కలు ఏరింది. ఒకదాంట్లో ఏనుగు తల ఆకారంలో మీట. ఒకదాంట్లో గొలుసు. ఒకదాంట్లో వంతెన దింపే చక్రం. అన్నీ ఓరిన్ పోయాక గీసినవే. తన గదులు చప్పగా తయారవుతున్నాయేమోనని ఆమె చాలాసార్లు అనుకుంది. దుఃఖంలో ఉన్న మనిషి గీసిన గదులు అలాగే ఉంటాయిలే అని సరిపెట్టుకుంది కూడా. ఇప్పుడు ఒక్కో ముక్కా చూస్తుంటే ఒక్కో ఆదివారం గుర్తొస్తోంది. "వదిలేద్దాం పద." "ఇంకో దారి ఉందేమో చూద్దాం." "దాన్ని ముట్టుకోకండి." ప్రతిసారీ ఆ మాట అన్నది డ్వేనే.

డ్వేన్, ఓరిన్ ఒకే ధాన్యం గోదాములో ఒకే షిఫ్టులో పనిచేశారు. ఓరిన్ మొక్కజొన్న గాదెలో కూరుకుపోయినప్పుడు కింద స్విచ్ పెట్టెల దగ్గర ఉన్నది డ్వేన్ ఒక్కడే.

ఏరిన ముక్కలన్నీ డబ్బాలో పెట్టి మూత నొక్కింది. పట్టలేదు. రెండు చేతులతో, ఒంటి బరువంతా వేసి నొక్కింది. అయినా పట్టలేదు.

శుక్రవారం సాయంత్రం ఊళ్లో అందరిలాగే ఆర్లిస్ కూడా చేపల వేపుడు తినడానికి బారుకి వెళ్లింది. వెళ్లకపోతే ఏమైందని అడుగుతారు. ఎదురుగా నడీన్ కూర్చుంది. వృద్ధాశ్రమంలో ఆయాగా పనిచేస్తుంది, ఆటలో ఆమెది తాళాలు తీసే దొంగ పాత్ర. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది.

పక్క బల్ల దగ్గర గోదాము కుర్రాళ్లు బీరు తాగుతున్నారు. ఒకడు టోపీ మర్చిపోయి వెళ్తుంటే ఇంకొకడు వెనక నుంచి కేకేశాడు. "ఒరేయ్, ఓరిన్ పని చెయ్యకు!"

నవ్వబోయిన వాళ్లలో ఒకడు ఆర్లిస్‌ని చూశాడు. నవ్వులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

ఆ మాట ఆమెకి కొత్త కాదు. గోదాములో కొత్తవాళ్లకి జాగ్రత్తలు చెప్పే మొదటి రోజు ఓరిన్ పేరుతోనే మొదలవుతుంది. గడ్డకట్టిన గింజల్ని పొడవడానికి గాదెలోకి దిగే ముందు, వాటిని అడుగు నుంచి లాగే మరని ఎవరూ వెయ్యకుండా దాని స్విచ్‌కి నీ తాళం నువ్వే వెయ్యాలి. ఓరిన్ బ్రెక్కె వెయ్యలేదు. తాళం అతని లంచ్ డబ్బాలో దొరికింది. మర్చిపోయాడు, చచ్చిపోయాడు. ఆర్లిస్ కూడా అదే నమ్మింది. నమ్మి, చచ్చిపోయినవాడి మీద కోపం పెంచుకుంది. అతని చొక్కాలు ఇంతవరకు ఎవరికీ ఇవ్వలేదు, ఉతకనూ లేదు.

"వెధవలు," అంది నడీన్. "చేప తిను. చల్లారితే రబ్బరు."

"నడీన్, ఓరిన్ పాత్ర ఏ రోజైనా కర్రతో పొడవకుండా అడుగు ముందుకేసిందా?"

"వాడి కర్ర గురించి నాకు చెప్పకు తల్లీ!" నడీన్ చేతులెత్తేసింది. "నేలని పొడుస్తాడు. గోడని పొడుస్తాడు. నిద్రపోతున్న దెయ్యాన్ని పొడిచి లేపాడు ఒకసారి. పద నాయనా అంటే, 'వస్తున్నా, ఇంకొక్క పోటు' అంటాడు. నేను ఈలోగా కునుకు తీసేదాన్ని."

"మరి అలాంటి మనిషి తాళం ఎలా మర్చిపోతాడు?"

నడీన్ ముళ్లచెంచా ప్లేటులో పెట్టింది.

"ఆట వేరు, పని వేరు, ఆర్లిస్. నేను ఆటలో ఎన్ని జేబులు కొట్టలేదు? బయట పొరుగువాళ్ల పువ్వు కూడా కొయ్యను." చెయ్యి చాచి ఆమె మణికట్టు పట్టుకుంది. "ఇలాంటివి తవ్వుకోకు. డ్వేన్‌ని చూడు. అంత్యక్రియల్లో నీకంటే ఎక్కువ ఏడ్చాడు. వాడు కూడా తిండి మొదలెట్టాడు కదా."

ఆర్లిస్ తల ఊపింది. చేపని ప్లేటు అంచుకి తోసింది. అంత్యక్రియల్లో డ్వేన్ ఏడుపు ఆమెకి బాగా గుర్తుంది. చర్చి వరండాలో గోడకి నుదురు ఆనించి ఏడ్చాడు. లోపలికి మాత్రం రాలేదు. శవపెట్టె మోయడానికి రమ్మంటే నడుం నొప్పి అన్నాడు. ఆ మర్నాడే ఆమె వాకిట్లో మంచు ఎత్తిపోశాడు.

శనివారం పొద్దున మంచు మోకాళ్ల లోతు పడి ఉంది. వంటింటి బల్ల మీద ఆర్లిస్ గళ్ల కాగితం పరిచింది, పెన్సిలు చెక్కింది. కాగితం ఖాళీగానే ఉంది.

వీధిలో ఇంజను గుర్రుమంది. డ్వేన్ ట్రక్కు, ముందు పలకతో మంచుని తోసుకుంటూ వాకిట్లోకి వచ్చింది. ఆ చలికాలం అంతా అతనే తోస్తున్నాడు. ఎప్పుడూ అడగలేదు, పలకరించలేదు, తోసేసి వెళ్లిపోయేవాడు. ఈసారి ఇంజను ఆగింది. మెట్ల మీద బూట్లు దులిపిన చప్పుడు.

ఆర్లిస్ చూపు డబ్బా మీదకి పోయింది. మూత పట్టని డబ్బా. దాచడానికి వ్యవధి లేదు.

"కాఫీ వాసన వీధి దాకా కొడుతోంది," అంటూ డ్వేన్ లోపలికొచ్చాడు. ఆరడుగుల పైన ఉంటాడు. నారింజ రంగు వేట కోటు వేసుకున్నాడు, గడ్డం మీద మంచు కరుగుతోంది. చేతితొడుగులు తీసి బల్ల మీద పెట్టాడు. వాటి పక్కన తాళంచెవుల గుత్తి.

ఆమె కప్పు అందించి అతని ఎదురుగా కూర్చుంది.

డ్వేన్ డబ్బాలోంచి ఒక ముక్క తీశాడు. లావు వేళ్లతో జాగ్రత్తగా పట్టుకుని చూశాడు. ఇంకొకటి తీశాడు.

"ఇవన్నీ మనం వెళ్లని గదులా?"

"వెళ్లారు. లాగలేదు."

అతను తల ఎత్తలేదు. మూడో ముక్క తీశాడు, చూశాడు, మూడింటినీ ఒకదాని మీద ఒకటి సర్ది డబ్బాలో పెట్టాడు.

"రేపు మీటలు పెట్టకు ఆర్లిస్. విసుగొస్తున్నాయి."

"నీకా? నీకు మీటలు విసుగొచ్చాయా?"

"వయసు మీద పడుతోంది." నవ్వాడు. నవ్వు గడ్డం దాటి పైకి రాలేదు.

అప్పుడు ఆమె గుత్తి చూసింది. ట్రక్కు తాళంచెవి, ఇంటిది, గోదాముది, వాటి మధ్య ఒక చిన్న ఇత్తడి చెవి. దాని తల మీద పగడం రంగు మరక. అది గోళ్ల రంగు. ఆమెదే. ఓరిన్ తాళంచెవులు పారేసుకుంటాడని, గోదాములో అతను వాడే ఎర్ర తాళానికున్న రెండు చెవులకీ తనే ఆ రంగు పూసింది. ఒకటి తాళంతో పాటు లంచ్ డబ్బాలో దొరికింది. షెరీఫ్ ఆఫీసు పోలీసులు కవరులో పెట్టి ఇచ్చారు. రెండోది ఎక్కడో పడిపోయి ఉంటుందనుకుంది.

ఒకరి తాళం ఇంకొకరు తియ్యకూడదు. ఆ గోదాములో అన్నిటికంటే పెద్ద నియమం అదే. ఒకరి తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉండనే కూడదు.

ఆమె కప్పు తొణికింది. కాఫీ గళ్ల కాగితం మీద పాకింది.

"అయ్యో," అని డ్వేన్ లేచాడు. గుడ్డ తెచ్చి తుడిచాడు. ఆమె భుజం పక్క నుంచి చెయ్యి వచ్చినప్పుడు ఆర్లిస్ ఊపిరి బిగబట్టింది. ఆ చెయ్యి ఇనుప కడ్డీలు వంచగలదు. ఇల్లు ఊరి చివర ఉంది. మంచు పడుతున్న శనివారం, దారిన పోయేవాళ్లు కూడా ఉండరు.

"ఎవరికైనా చెప్పావా?" అన్నాడు డ్వేన్, తుడుస్తూనే.

"ఏమని?"

అతను గుడ్డ పిండాడు.

"రేపు ఆట ఉందని. మంచు ఇలా పడితే కెంగ్ రాలేడు. వాడి కారు బొమ్మ కారు. నేను ఎక్కించుకొస్తానని చెప్పు."

"చెప్తాను."

తలుపు దగ్గర ఆగాడు. గుమ్మం నిండా అతనే ఉన్నాడు. ఏదో అనబోయి గుత్తి జేబులో వేసుకున్నాడు. ట్రక్కు వెళ్లిపోయాక ఆర్లిస్ తలుపు గడియ పెట్టింది. ఆ ఇంట్లో ఉన్న పదకొండేళ్లలో పగటిపూట ఆ గడియ పెట్టడం అదే మొదలు. తర్వాత ఫోను చేతిలోకి తీసుకుంది. షెరీఫ్‌కి ఏం చెప్పాలి? మా ఆటలో ఒకాయన మీటలు లాగడం మానేశాడు బాబూ, అతని దగ్గర ఒక తాళంచెవి ఉంది, దాని మీద నా గోళ్ల రంగుంది. ఓరిన్ పేరు చెబితేనే అక్కడ జాలిగా తలలూపుతారు. ఇది చెబితే ఆ జాలి తన మీదకి మళ్లుతుంది. ఆపైన ఆ గుత్తిలోంచి ఆ చెవి మాయమవుతుంది.

ఫోను పెట్టేసింది. పొడి కాగితం ఒకటి తీసి పెన్సిలు పట్టుకుంది.

ఏ గదికైనా కనీసం మూడు దారులుండాలనేది ఆమె పద్ధతి. పోరాడే దారి, మాట్లాడే దారి, పారిపోయే దారి. ఒక్కటే దారి ఉంటే అది ఆట కాదు, పశువుల్ని తోలడం. కొత్తగా ఆట నడిపేవాళ్లు అడిగితే ఆమె చెప్పే మొదటి మాట అదే.

ఆమె ఒక గుండ్రటి గది గీసింది. దానికి ఒక్కటే దారి పెట్టింది.

ఆదివారం మధ్యాహ్నానికి మబ్బు విడిచింది. డ్వేన్ ట్రక్కులో కెంగ్ వచ్చాడు. లోహాలు అతికే పని అతనిది. నలుగురిలో చిన్నవాడు, ఆటలో విలుకాడు. వాళ్లమ్మ చేసిచ్చిన ఎగ్ రోల్స్ గిన్నె ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. నడీన్ చీజ్ ముక్కలు తెచ్చింది. బల్ల తూర్పు వైపు ఓరిన్ కుర్చీ ఖాళీగా ఉంది. దాన్ని ఎవరూ తియ్యరు, ఎవరూ కూర్చోరు.

"మెట్లు దిగుతాం," అన్నాడు కెంగ్ నోట్లో రోల్ ముక్క పెట్టుకునే. "తలుపు కనిపిస్తే తన్నేస్తా. కాదు కాదు, ఆగండి, ముందు చెవి ఆనించి వింటా..."

"అన్నది అయినట్టే!" నడీన్ బల్ల చరిచింది. "తన్నేశావు బాబూ. పాచిక వెయ్యి."

"నోట్లో తిండి ఉంది, లెక్కలోకి రాదు!"

"ఆర్లిస్, లెక్కలోకి వస్తుందా రాదా?"

"అన్నది అయినట్టే," అంది ఆర్లిస్. ఈ బల్ల దగ్గర ఆమె పెట్టిన మొదటి నియమం అదే. ఒకసారి పైకి చెప్పిన పని జరిగిపోయినట్టే. వెనక్కి తీసుకోవడం ఉండదు. అది లేకపోతే ఆట సాగదు. ప్రతివాడూ ఉచ్చులో పడ్డాక 'నేను అలా అనలేదు' అంటాడు.

కెంగ్ పాచిక వేశాడు. తలుపుకి బదులు అతని కాలే విరిగినంత పనైంది. డ్వేన్ కూడా నవ్వాడు. ఆ నవ్వు విని ఆర్లిస్‌కి ఒక్క క్షణం అంతా మానేద్దామనిపించింది.

"సత్రం కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు," అంది. "గుర్రాల దగ్గర కాపలా ఉన్న మరుగుజ్జు పూజారి కనబడటం లేదట."

మరుగుజ్జు పూజారి ఓరిన్ పాత్ర. అతను పోయాక ఆ పాత్రని చంపడానికి ఎవరికీ మనసొప్పలేదు. గుర్రాల దగ్గర కాపలా ఉంచామని చెప్పుకున్నారు, ఆ తర్వాత ఆ ఊసు ఎత్తలేదు.

"ఆర్లిస్," అంది నడీన్ మెల్లిగా. "ఎందుకిప్పుడు?"

"అడుగుల జాడ ఈ తలుపు దాకా వచ్చింది." ఆర్లిస్ గొంతు తనకే కొత్తగా వినిపించింది. "లోపలికి వెళ్తారా?"

"వెళ్లక?" అన్నాడు కెంగ్. "మన మనిషి."

డ్వేన్ తన యోధుడి బొమ్మని మిగతావాళ్ల బొమ్మల వెనక పెట్టాడు. ఒకప్పుడు ఆ బొమ్మ ఎప్పుడూ ముందుండేది.

"ఇరుకు దారి. మీరు లోపలికి రాగానే వెనక తలుపు మూసుకుంది. గోడల పగుళ్లలోంచి నీళ్లొస్తున్నాయి. చీలమండల దాకా వచ్చాయి. ఎదురుగా ఒక పెద్ద ఇనుప పీపా, మీ తలలకంటే ఎత్తు. నిండా ఇసుక. పైన మరుగుజ్జు నిలబడి ఉన్నాడు. గట్టిపడిన ఇసుక పెచ్చుని కర్రతో పొడుస్తున్నాడు." ఆమె పెట్టెలోంచి ఓరిన్ బొమ్మ తీసి గీతల మధ్య నిలబెట్టింది. కర్ర చివర రంగు వెలిసిపోయి ఉంది. "పీపా పక్కన గోడకి మీట ఉంది. లాగితే పీపా అడుగు తెరుచుకుంటుంది. ఇసుకా నీళ్లూ కలిసి కిందకి పోతాయి. మీరు బతుకుతారు."

"మీట లాగితే వాడు మునిగిపోడూ?" అన్నాడు కెంగ్.

"ఇసుక మీద నిలబడి ఉంటే మునుగుతాడు."

"ఇంకో దారి చూస్తా," అంది నడీన్. "గోడలు తడుముతా. తలుపు సందులు, పైకప్పు, అన్నీ."

"ఇంకో దారి లేదు."

నడీన్ ఆమె ముఖంలోకి చూసింది. ఆర్లిస్ గదిలో ఇంకో దారి లేకపోవడం ఆమె ఎప్పుడూ వినలేదు.

"నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. ఇంకొకటి. మీటకి ఒక తాళం వేసి ఉంది. ఎర్ర తాళం." ఆర్లిస్ డ్వేన్ వైపు చూడలేదు. చూస్తే ఆగిపోతానని భయం. "దాని చెవి మీలో ఒకరి దగ్గర ఉంది."

డ్వేన్ కుర్చీ కిర్రుమంది. కుడి చెయ్యి కోటు జేబు మీదకి వెళ్లింది.

"డ్వేన్ దగ్గరే అయ్యుంటుంది," అన్నాడు కెంగ్ ఉత్సాహంగా. అతనికి ఇదంతా ఆటే. "వాడి పాత్రేగా శవాల జేబులన్నీ వెతికేది! సరే, నేను ముందు కేకేస్తా. పూజారి గారూ, బయటికి దిగండి, మీట లాగుతున్నాం!"

ఆర్లిస్‌కి ఓరిన్ గొంతు తెచ్చుకోవలసిన పని లేదు. ఎన్ని వేల సార్లు విన్నదో ఆ మాట. అన్నానికి పిలిస్తే, చర్చికి పిలిస్తే, కొట్టంలోంచి, కారు కిందనుంచి. సాగదీసి, ముక్కుతో, తీరుబడిగా అనేవాడు.

"వస్తున్నాఆ..."

"అమ్మయ్య!" నడీన్ ఊపిరి వదిలింది. "వస్తున్నా అన్నాడు. అన్నది అయినట్టే. వాడు బయటున్నట్టే లెక్క. తాళం తియ్యి డ్వేన్, లాగెయ్!"

డ్వేన్ లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది. బల్ల అంచు తగిలి పాచికలు నేల మీదకి దొర్లిపోయాయి.

"లేదు!" అన్నాడు. ఆ గొంతు అరుపులా లేదు. ఊపిరాడని మనిషి గొంతులా ఉంది. "అవ్వలేదు. వాడు బయటికి రాలేదు. మాట విని లెక్క కట్టకు నడీన్, కళ్లతో చూడు. వాడు వస్తున్నా అంటాడంతే. రాడు. ఇంకొక్క పోటు పొడుస్తాడు."

ఆర్లిస్ తెర వెనక కదలకుండా కూర్చుంది. నిన్నటి నుంచి ఆమె ఒక హంతకుడి కోసం గది కట్టింది. ఎర్ర తాళం మాట వినగానే అతను కేకలు వేస్తాడని, బల్ల తన్నేస్తాడని, మీద పడతాడని, ఇన్ని రకాలుగా భయపడింది. నడీన్ నోటి నుంచి వచ్చిన మాట తనదని, ఈ బల్ల దగ్గర తను పెట్టిన నియమమని ఇప్పుడే తట్టింది. కొత్త భయం ఒకటి కాళ్ల లోంచి పైకి పాకింది. పాతదానికంటే చల్లగా ఉంది.

చెయ్యి చాచి అట్ట తెరని మడిచి పక్కన పెట్టింది. ఇన్నేళ్లలో ఆట మధ్యలో ఆమె తెర తియ్యడం ఎవరూ చూడలేదు.

"చెప్పు డ్వేన్," అంది.

డ్వేన్ జేబులోంచి గుత్తి తీశాడు. గోళ్లతో వలయం విప్పడానికి చాలాసేపు పట్టింది. కెంగ్ సాయం చెయ్యబోతే నడీన్ అతని చెయ్యి పట్టుకుని ఆపింది. పగడం రంగు మరకున్న చెవి విడిపోయి వచ్చాక దాన్ని ఓరిన్ బొమ్మ పక్కన పెట్టాడు. కూర్చోలేదు. ఆర్లిస్ వైపే చూస్తూ మాట్లాడాడు.

"ఈ చెవి వాడే ఇచ్చాడు. పారేసుకుంటా, నీ దగ్గర ఒకటుంచు అన్నాడు. ఉంచుకోకూడదని ఇద్దరికీ తెలుసు. ఆ రోజు వాడు తాళం వేశాడు ఆర్లిస్. వేశాడు. నేను చూశాను. నా ముందే వేసి, లాగి చూసి, మళ్లీ లాగి చూసి మెట్లెక్కాడు. నువ్వు వాడిమీద కోపంగా ఉన్నావని నాకు తెలుసు. ఉండకు.

"బయట లారీలు బారు తీరాయి. ఒకడు హారన్ ఆపకుండా కొడుతున్నాడు. నేను చేతి రేడియోలో అడిగా, ఒరేయ్ అయిందా అని. వస్తున్నా అన్నాడు. ఇందాక నువ్వు అన్నావే, సరిగ్గా అలాగే. నేను పైకి చూడలేదు. ఎందుకు చూడలేదో ఎన్నిసార్లు ఆలోచించానో. పదకొండేళ్లు ప్రతి ఆదివారం ఈ బల్ల దగ్గర వాడు ఏదన్నా అంటే అయిపోయినట్టే. వస్తున్నా అన్నాడంటే నా బుర్రలో వాడు వచ్చేశాడు. మెట్లు దిగుతున్నాడు. వాడొచ్చి తాళం తీసేదాకా ఆగడమెందుకు, నేనే తీస్తా అనుకున్నా. తీశా. మర వేశా.

"వేశాక రేడియోలో కర్ర చప్పుడు వినబడింది. టక్‌మని. ఒక్కసారే. ఆపాను. వెంటనే ఆపాను ఆర్లిస్, నా చెయ్యి ఇంకా స్విచ్ మీట మీదే ఉంది. పైకి పరిగెత్తా. మొక్కజొన్న మీద కర్ర ఒక్కటే ఉంది.

"అందరూ వస్తున్నారు. తాళం నా గుప్పిట్లో ఉంది. వాడి లంచ్ డబ్బా మెట్ల దగ్గరే ఉంది, వాడి తాళంచెవి కూడా అందులోనే. అందులో పెట్టేశా. అది ఆలోచించి చెయ్యలేదు. ఆ తర్వాత ఆలోచించే ఊరుకున్నా. కుర్రాళ్లు ఓరిన్ పని చెయ్యకురా అన్నప్పుడల్లా పక్కనే ఉన్నా, ఊరుకున్నా. నీ వాకిట్లో మంచు తోశా, అంతే. ఈ చెవి పారేద్దామని కాలువ దాకా వెళ్లి వెనక్కి వచ్చా. వాడిది ఇంకేమీ నా దగ్గర లేదు.

"రేపు పొద్దున నేను షెరీఫ్ దగ్గరికి వెళ్తున్నా. తాళం వేసింది ఓరిన్, తీసింది నేను. ఇదే చెప్తా. గోదాములో కూడా చెప్తా, ఆ కుర్రాళ్ల ముందే. నువ్వు నన్ను తీసుకెళ్లక్కర్లేదు, ఎవరూ కాపలా ఉండక్కర్లేదు. అన్నాను కదా, ముగ్గురూ విన్నారు. ఈ బల్ల దగ్గర అన్నాను."